‘మళ్ళీ వచ్చావా?’ అనకండి

నేను రిటైరయ్యాక నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి పేరు మౌనిక. నర్సింగ్ పూర్తిచేసి, ఆస్పత్రిలో కొన్నాళ్ళు నలిగి, ఇక నైట్ డ్యూటీలు నా వల్ల కాదని మా కంపెనీ ఫస్ట్ ఎయిడ్ గదిలో చేరింది. మొన్న ఫోన్ చేసి, "ఆంటీ, ఇక్కడ పెద్దగ పనేం ఉండదంట గదా! ఏసీల కూసొని తలనొప్పి గోలీలు ఇచ్చుడేనంట గదా!" అంది సంబరంగా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరే నీకు చెప్పింది?" అని అరిచాను. ఆ పిల్ల బెదిరిపోయి ఫోన్ పెట్టేసింది. తర్వాత జాలేసింది. నేను చేరిన రోజు నాకూ ఇదే మాట చెప్పారు, నేనూ ఇలాగే సంబరపడ్డాను. ఫోన్లో అరిచి చెప్పలేనిది నెమ్మదిగా రాస్తే అర్థమవుతుందని కూర్చున్నాను. మౌనిక ఒక్కతే కాదు, హైటెక్ సిటీ కంపెనీల్లో ఇలాంటి గదుల్లోకి వస్తున్న పిల్లలందరూ చదువుకోవచ్చు.

నా పేరు సుగుణ. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట మావాళ్ళు జొన్న వేసేవాళ్ళు. పెళ్ళయ్యాక బోరబండకు వచ్చాను, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. మా ఆయన బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేశాడు. నేను ముందు సర్కారు దవాఖానలో కాంట్రాక్టు నర్సుగా, తర్వాత ఈ కంపెనీలో పనిచేశాను. ఇంక్రిమెంట్లు, సర్టిఫికెట్ల సంగతులు ఇక్కడ రాయను. అవి చదివి ఎవరూ ఏమీ నేర్చుకోలేదు.

గదిలో ఒక్కదాన్నే

ఆస్పత్రిలో నర్సుకు ధైర్యం పక్కనున్న నర్సు వల్ల వస్తుంది. అరిస్తే ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. తిట్టడానికైనా సరే, ఒక డాక్టరు ఉంటాడు. కంపెనీ గదిలో ఆ భాగ్యం లేదు. క్యాంటీన్ పక్కన అద్దాల తలుపు, లోపల రెండు మంచాలు, ఆక్సిజన్ సిలిండరు, ఈసీజీ మిషను, మందుల బీరువా, నువ్వు. డాక్టరు గారు మధ్యాహ్నం కాసేపు వచ్చి వెళ్తారు. మిగతా పొద్దంతా ఆయన ఫోన్లోనే ఉంటారు.

తలనొప్పులు, మెడనొప్పులు, మెట్లమీద జారిన కాళ్ళు వస్తూనే ఉంటాయి. వాటికి భయపడనక్కర్లేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని వచ్చేవాళ్ళతోనే వస్తుంది చిక్కు. మన దగ్గర ఛాతీలో ఏం వచ్చినా దానికి మొదటి పేరు గ్యాస్. అది కాకపోతే టెన్షన్. అది కూడా కాకపోతేనే గుండె. గ్యాసు, భయం, గుండెపోటు మూడూ తలుపు దగ్గర నిలబడ్డప్పుడు ఒకేలా ఉంటాయి. ఆ మూడింటిలో ఏదో తేల్చే పని నీది, ఒక్కదానివే తేల్చాలి.

నిజం చెప్తున్నాను, నాకు ఆ తలుపు చప్పుడైతే చాలు, భయమేసేది. ఇంట్లో కుక్కర్ కూత వేసినా ఉలిక్కిపడేదాన్ని. అనుభవం వస్తే ఆ భయం పోతుందని అందరూ అన్నారు. పోలేదు. మీకు కూడా పోతుందని ఎదురుచూస్తూ కూర్చోకండి.

కమలమ్మ గారి నిమిషం

దవాఖానలో మా హెడ్ సిస్టర్ కమలమ్మ గారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వార్డు ఈ కొస నుంచి ఆ కొసకు వినిపించేది. ఆమె దగ్గర పనిచేసిన వాళ్ళెవరూ ఆమెను ప్రేమించలేదు, ఆమెను మరచిపోయిన వాళ్ళు కూడా లేరు. 

నాడి చూసేటప్పుడు మేమందరం పావు నిమిషం లెక్కపెట్టి, నాలుగింతలు చేసి రాసేవాళ్ళం. వార్డులో అంతమంది ఉంటే ఇంకేం చేస్తాం? కమలమ్మ గారు మాత్రం పూర్తి నిమిషం పట్టుకునేది. ఆ నిమిషంలో ఎవరు పిలిచినా పలకదు, డాక్టరు పిలిచినా పలకదు. మా తోటి నర్సు ఒకామె ఉండబట్టలేక, "గట్ల టైం వేస్టు చేస్తే ఎట్ల సిస్టర్?" అని అడిగేసింది.

"నాడి లెక్కకు పావు నిమిషం చాలే. మిగిలింది మనిషిని సూడనీకి" అంది కమలమ్మ గారు. "ఊపిరి ఎట్ల తీస్తున్నడు? పెదవులు ఏ రంగున్నయి? నీ దిక్కు సూస్తున్నడా, పైకప్పు దిక్కు సూస్తున్నడా? చెయ్యి పట్టుకున్నంతసేపు ఆ మనిషి ఒక్కడే. ఇంట్ల పొయ్యి మీద ఏముందో యాదికి రావొద్దు."

ఇదంతా ధ్యానమని ఆమె ఎప్పుడూ అనలేదు. దానికి ఇంగ్లీషులో మైండ్‌ఫుల్‌నెస్ అని పేరుందని, ఆ పేరు మీద పెద్ద పెద్ద హోటళ్ళలో క్లాసులు జరుగుతాయని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. మా ఇంట్లో దానికి ఉన్న మాట ఒళ్ళు దగ్గర పెట్టుకోవటం. మా అమ్మ బియ్యం ఏరుతూ నన్ను కూర్చోబెట్టుకుని, రాయి వదిలేస్తే "ధ్యాస యాడుందే నీకు?" అని మొట్టికాయ వేసేది.

క్లాసులు చెప్పేవాళ్ళు అలా చేస్తే ప్రశాంతత వస్తుందంటారు. వాళ్ళకు వస్తుందేమో. నాకెప్పుడూ రాలేదు. నేను భయం కొద్దీ నేర్చుకున్నాను, భయపడుతూనే చేశాను. చేతులు కడుక్కునేటప్పుడు చేతులే కడుక్కున్నాను, సూది గుచ్చేటప్పుడు సూదే చూశాను. లోపల వణుకు దాని మానాన అది ఉండేది. వణుకు తగ్గాక చూద్దాంలే అనుకుంటే ఈ ఉద్యోగంలో ఏదీ చూడలేం.

అన్నం తిన్నదెవరు?

భయం గురించే రాస్తే మౌనిక మళ్ళీ ఫోన్ పెట్టేస్తుంది. నవ్వొచ్చే సంగతి కూడా ఒకటి చెప్తాను.

హరిణి అని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఒక అమ్మాయి ఉండేది. సాయంత్రమైతే కళ్ళు తిరుగుతున్నాయని వచ్చేది. బీపీ బాగుంది, షుగర్ బాగుంది. "పొద్దుగాల్నుంచి ఏం తిన్నవ్ బిడ్డా?" అంటే, "ఏమీ తినలేదండి, అసలు టైమే లేదు" అనేది. వాళ్ళది కాకినాడ, మాట మహా మెత్తన. ఒకరోజు నాకు అనుమానం వచ్చి, ఆమె సీటు దగ్గరికి వెళ్ళి టిఫిన్ బాక్సు అడిగి తీసుకుని మూత తీశాను. బాక్సు ఖాళీ. అడుగున నమిలేసిన ములక్కాడ పిప్పి మాత్రం ఉంది.

"మరి ఇదెవరు తిన్నరు? నీ బాక్సుల దయ్యం తిన్నదా?" 

హరిణి బాక్సు వంక, నా వంక మార్చి మార్చి చూసింది. "నేనే తిన్నానేమోనండి. కాల్‌లో ఉన్నాను. నాకు గుర్తు లేదు" అంది. ముందు నవ్వింది, తర్వాత ఆ నవ్వు మొహంలోనే ఏడుపైపోయింది. "నాకు పిచ్చి పడుతోందా సిస్టర్?"

"పిచ్చి లేదు, పాడు లేదు. రేపటి సంది బాక్సు తీసుకొని నా గదికి రా. ఫోను నీ సీటు మీదనే పెట్టి రా" అన్నాను. మర్నాడు వచ్చింది. గోడ వైపు చూస్తూ తింది. మొదటి రోజు ఆ పిల్లకు అది శిక్షలా ఉంది, కాలు ఊపుతూనే ఉంది. నాలుగు రోజులు పోయాక, సగం తిని ఆగి, "ఈ పప్పులో అమ్మ మెంతికూర వేసిందండి" అంది. వాళ్ళమ్మ రోజూ తెల్లవారకముందే లేచి వండుతుంది, కూకట్‌పల్లి నుంచి ఈ పిల్ల మోసుకొస్తుంది, చివరికి దాని రుచి ఎవరికీ తెలియదు. ఆ కళ్ళు తిరగటం పూర్తిగా పోయిందో లేదో చెప్పలేను గాని, నా గదికి తిండికి తప్ప మందుకు రావటం మానేసింది.

శివ

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను.

శివశంకర్ ప్రొద్దుటూరు వైపు మనిషి. ఒక టీముకు లీడరు. నలభై నిండలేదు. భార్య రేణుక, బడికి వెళ్ళే కూతురు. కేపీహెచ్‌బీలో కిరాయి ఇల్లు. మొదటిసారి నా గదికి వచ్చినప్పుడు చొక్కా గుండీలు పైనుంచి సగం దాకా తీసేసి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"సిస్టర్, నాకేదో అయితాంది. గుండె నిలిచిపోతాంది. నేను సచ్చిపోతాండానా? నిజం చెప్పండి సిస్టర్."

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఈసీజీ తీశాను, బాగుంది. అయినా అంబులెన్స్ పిలిచి పంపించాను. ఆస్పత్రిలో అన్ని పరీక్షలూ చేసి గుండెకు ఏమీ లేదన్నారు, ఇది భయం అన్నారు. మాటల్లో పడ్డాక నాకు తెలిసింది, వాళ్ళ నాన్న గుండెపోటుతో పొలంలోనే పోయాడు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది అంతే. శివ ఆ వయసుకు దగ్గరవుతున్నాడు.

మళ్ళీ వచ్చాడు. మళ్ళీ మళ్ళీ వచ్చాడు. ప్రతిసారీ అదే వరస. వస్తూనే మాటలు మొదలుపెట్టేవాడు. మంచం మీద పడుకోడు, లేచి కూర్చుంటాడు, నీళ్ళు అడుగుతాడు, తాగడు. నాడి చూస్తుంటే నా మొహమే చూస్తాడు. "ఎంతుంది సిస్టర్? ఎక్కువుందా? మీరు మొకం ఎందుకట్ల పెట్టినారు?" అని అడిగేవాడు. పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా ఊపిరి వదలమని చెప్తే, కాసేపటికి తగ్గేది. తగ్గగానే సిగ్గుపడి వెళ్ళిపోయేవాడు.

ఇలాంటివి కంపెనీలో దాగవు. వాళ్ళ టీము కుర్రాళ్ళు, "శివ సార్, ఇవ్వాళ అటాక్ ఎన్నింటికి? మీటింగ్ దాన్ని బట్టి పెట్టుకుందాం" అని పరాచికాలు మొదలుపెట్టారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఆ మాట ఎక్కడ తగులుతుందో వాళ్ళకు తెలియదు, అంతే. 

మా అడ్మిన్ మేనేజరు ప్రసాద్ గారు నన్ను పిలిపించుకున్నారు. గుంటూరు మనిషి. తెల్ల చొక్కా నలగకుండా రోజంతా తిరగగలిగిన మనిషిని ఆయన్ను తప్ప ఇంకెవరినీ చూడలేదు. "సుగుణ గారూ, అంబులెన్సంటే ఆటో కాదండి. గేటు దగ్గర సైరన్ మోగితే పైన క్లయింట్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. మీరు పంపిన ప్రతివాడూ సాయంత్రానికి నవ్వుతూ వచ్చేస్తున్నాడు. ఇకమీదట నాకొక మాట చెప్పి పిలవండి" అన్నారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే ఆ మాట నా లోపల కూర్చుంది. ఆ తర్వాత ఎవరు ఛాతీ పట్టుకుని వచ్చినా, ఈసీజీ తీగలు అతికిస్తూ సగం బుర్రతో ప్రసాద్ గారికి ఏం చెప్పాలా అని వాక్యాలు కూర్చుకునేదాన్ని.

కొన్నాళ్ళకు శివ నా గదికి రావటం మానేశాడు. తగ్గిపోయిందని అందరూ సంతోషించారు. నాకు మాత్రం లోపల ఎక్కడో పీకుతూనే ఉంది. క్యాంటీన్ దగ్గర కనిపించినప్పుడు ఎలా ఉన్నావంటే, "బాగుండా సిస్టర్, ఇంగ మిమ్మల్ని ఇబ్బంది పెట్టను" అనేవాడు.

కళ్ళు మూసుకున్న హాలు

కంపెనీలో ఆరోగ్య వారం పెట్టారు. పండ్ల రసాలు, కంటి పరీక్షలు, దాంతోపాటు ఒకరోజు పొద్దున్నే మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు. శిక్షకుడు కార్తీక్ అని ముప్పై ఏళ్ళ అబ్బాయి. మర్యాదస్తుడు, గొంతులో తేనె పోసినట్టు మాట్లాడతాడు. పదిమంది ఒకచోట చేరితే ఫస్ట్ ఎయిడ్ సంచీ పట్టుకుని నర్సు వెనక నిలబడాలని మా కంపెనీ పద్ధతి. అలా నేను పై అంతస్తు హాల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

అందరూ కళ్ళు మూసుకున్నారు. "శరీరంలో ఏ అనుభూతి వచ్చినా దాన్ని మార్చాలని చూడకండి. నొప్పి ఉంటే నొప్పిని చూడండి. మంచిది చెడ్డది అని పేరు పెట్టకండి. దానితో మాట్లాడకండి. వస్తుంది, పోతుంది. మీరు చూస్తూ ఉండండి" అంటున్నాడు కార్తీక్.

నేను కళ్ళు మూసుకోలేదు. నాది చూసే ఉద్యోగం కదా. వరస వరసగా మొహాలు చూస్తూ వచ్చాను. కొందరు నిద్రపోయారు. ఒకడు ఒళ్ళో ఫోన్ చూసుకుంటున్నాడు. చివరి వరస మూలలో శివ ఉన్నాడు. నిటారుగా, కదలకుండా, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆ హాల్లో అందరికంటే బుద్ధిగా కూర్చున్నాడు.

మొదట సంతోషమేసింది. హమ్మయ్య, ఇతనికి ఇది పనికొచ్చింది అనుకున్నాను. కానీ చూపు అక్కడినుంచి కదలలేదు. ఆ ఏసీకి నేను యూనిఫారం చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ఉన్నాను, శివ చొక్కా కాలరు తడిసి ఉంది. మొహం బూడిద రంగులో ఉంది.

వెళ్ళి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, జిగటగా తగిలింది. అతను ఒక కన్ను తెరిచాడు.

"ఏం లేదు సిస్టర్. చూస్తాండా" అన్నాడు గుసగుసగా.

"ఏం సూస్తున్నవ్ కొడుకా?"

"నొప్పిని. పోతాది లే."

"ఎప్పటి సంది?"

"పొద్దన్నుంచి" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

నన్ను భయపెట్టింది చెమట కాదు, చల్లదనం కాదు. చస్తానా అని అడగకపోవటం. ఇన్నిసార్లు నేను చూసిన శివ ఒక్కసారైనా ఆ మాట అడగకుండా ఉండలేదు. నా మొహం చూడకుండా ఉండలేదు. ఇవాళ అడగటం లేదు, చూడటం లేదు. ఈ మనిషికి భయమంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అది కాదు.

చక్రాల కుర్చీ తెప్పించాను. కార్తీక్ మాట ఆపి వచ్చి, "మేడమ్, మధ్యలో లేపితే ఆయన డిస్టర్బ్ అవుతారేమో" అన్నాడు పాపం.

"కానియ్యి సార్" అని కుర్చీ తోసుకుంటూ లిఫ్టు వైపు నడిచాను.

మొదటి కాగితం

గదిలో ఈసీజీ తీశాను. బాగుంది. 

మీకు ఈ ఉద్యోగంలో వచ్చే అన్నిటికంటే భయంకరమైన కాగితం అదే. చెడ్డ ఈసీజీ నర్సును ఆలోచించనివ్వదు, పరిగెత్తిస్తుంది. మంచి ఈసీజీ వచ్చాకే ఆలోచన మొదలవుతుంది. డాక్టరు గారికి ఫోన్లో పంపించాను. "మన శివే కదా సిస్టర్? నార్మల్ ఉంది. గ్యాస్ టాబ్లెట్ ఇచ్చి పడుకోబెట్టండి, నేను మధ్యాహ్నం వస్తా" అన్నారు. అంతలో ప్రసాద్ గారు తలుపు తోసుకుని వచ్చారు. ఎవరో చెప్పి ఉంటారు. మంచం వైపు చూసి నిట్టూర్చారు.

"మళ్ళీ వచ్చాడా?"

శివ ఆ మాట విన్నాడు. విని, లేవబోయాడు. "నేను పోతా సిస్టర్, పనుంది" అన్నాడు. 

అంబులెన్స్ పిలిచి, ఇదీ ఉత్తిదే అయితే ఇక నా మాట ఎవరూ నమ్మరు. నాన్నా పులి కథ అవుతుంది, రేపు నిజంగా ఇంకెవరో పడిపోతే నా కేకకు ఎవరూ రారు. పిలవకపోతే, ఇతను మధ్యాహ్నం దాకా ఉంటాడా? ఈ రెండు ఆలోచనలూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆలోచించేకొద్దీ శివ నాకు కనిపించటం మానేశాడు, నా ఉద్యోగం, ప్రసాద్ గారి మొహం మాత్రమే కనిపిస్తున్నాయి.

ఏం చెయ్యాలో తోచక, తెలిసిన పనే చేశాను. శివ మణికట్టు పట్టుకున్నాను. నిమిషం పట్టుకున్నాను. ప్రసాద్ గారు ఏదో అంటూనే ఉన్నారు, వినిపిస్తోంది గాని నేను అటు తిరగలేదు. నాడి మెల్లగా ఉంది. దవడ కింద చేత్తో రుద్దుకుంటున్నాడు. పెదవుల చుట్టూ రంగు లేదు. చూపు పైకప్పు మీద ఉంది. 

"సార్, జర బండి పిలువుండ్రి" అన్నాను.

"డాక్టరు గారేమన్నారండి?"

"గ్యాసన్నరు. సార్, ముందుగాల పిలువుండ్రి. తప్పైతే రేపు నన్ను ఇంటికి పంపుండ్రి."

ప్రసాద్ గారు నన్ను ఒక్క క్షణం చూశారు. ఏం కనిపించిందో నా మొహంలో, ఇంకో మాట అనకుండా ఫోన్ తీశారు. ఆయన గురించి కోపంగా రాశాను గాని, ఇది కూడా రాయాలి. ఫోన్ చేసి ఊరుకోలేదు, గేటు దగ్గరికి తనే పరిగెత్తి, అడ్డంగా ఆపిన కార్లన్నీ తీయించారు.

తీగలు ఊడదీయలేదు కాబట్టి మళ్ళీ ఈసీజీ తీశాను. గీత లేచి ఉంది, అంటే గుండెపోటే. మొదటి కాగితంలో నేల మీద ఉన్న గీత ఇందులో గట్టు మీదికెక్కి కూర్చుంది. ఫొటో పంపించేసరికి డాక్టరు గారి గొంతు మారిపోయింది. "ఆస్పిరిన్ నమిలించండి. పంపించండి, వెంటనే పంపించండి" అన్నారు. ఇందులో ఆయన తప్పు నాకు కనబడదు. మొదటి కాగితం చూసి ఎవరైనా అదే చెప్తారు. మంచం పక్కన నిలబడ్డది నేను కదా, ఆయన కాదు.

శిక్షకుడి తప్పా?

ఆస్పత్రి సంగతికి ముందు ఈ మాట చెప్పి తీరాలి, లేకపోతే మీరు ఆ కుర్రాణ్ణి తిట్టుకుంటారు.

మర్నాడు కార్తీక్ నా గదికి వచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "నొప్పిని చూస్తూ కూర్చోమన్నది నేనే మేడమ్. ఆయన నా మాట విన్నాడు" అన్నాడు.

"నీ మాట తప్పు కాదు కొడుకా" అన్నాను. నిజంగానే నా అభిప్రాయం అది. శివ నొప్పిని చూడమంటే చూశాడు. కానీ చూసింది చెప్పటానికి అతనికి మనిషి లేకుండా చేశాం మేమందరం. నొప్పి ఉందంటే నవ్వారు, కసిరారు, సైరన్ మోగుతుందన్నారు. నోరు మూసుకుని భరించటానికి ఒక గౌరవమైన పేరు కనిపించేసరికి అతను దాంట్లో దూరిపోయాడు. ధ్యానం చేస్తున్నానని అతను అనుకున్నాడు. నా లెక్కలో అతను దాక్కున్నాడు.

కార్తీక్ ఇప్పుడు క్లాసు మొదలుపెట్టే ముందు, కొత్త నొప్పి ఉన్నవాళ్ళు ముందు లేచి సిస్టర్ దగ్గరికి వెళ్ళండి అని చెప్తాడట. మౌనిక చెప్పింది. ఆ మాటకు జనం నవ్వుతారట. నవ్వితే నవ్వనివ్వండి.

చూడటం అంటే కళ్ళు మూసుకుని ఊరుకోవటం కాదు. చూసింది చూసినట్టు ఒప్పుకోవటం, ఆ తర్వాత లేవాల్సి వస్తే లేవటం. ఎదుటి మనిషి విషయంలో అయితే ఇంకొకటి కూడా. మనం అతనికి పెట్టిన పేరును పక్కనపెట్టి చూడటం. 'భయస్థుడు', 'గ్యాస్ కేసు', 'రోజూ వచ్చేవాడు' అని పేరు పెట్టామంటే ఇక మనిషిని చూడక్కర్లేదు. పని సులువవుతుంది. ప్రాణం మీదికి కూడా వస్తుంది.

రేణుక

అంబులెన్స్‌లో నేనూ ఎక్కాను. ముందు కార్లు జరగవు, వెనక సైరన్ ఆగదు. శివ మాస్కు కొంచెం పక్కకు జరిపి, "ఇంటికి ఫోన్ చేయాకండి సిస్టర్. మళ్ళా మొదలుపెట్నాడు అనుకుంటాది" అన్నాడు. మాస్కు సరిచేసి, "ఫికర్ చెయ్యకు" అన్నాను. నా ఫికరు నాకే తెలుసు. అతను మాట్లాడుతున్నప్పుడే మా ప్రసాద్ గారు రేణుకకు ఫోన్ చేసేశారు.

లోపలికి తీసుకెళ్ళారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. రేణుక వచ్చింది. ఒక కాలికి చెప్పు ఒకటి, ఇంకో కాలికి ఇంకొకటి. నన్ను అంతకు ముందు చూడలేదు, యూనిఫారం చూసి గుర్తుపట్టింది. పక్కన కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడింది.

చాలాసేపటికి డాక్టరు బయటికి వచ్చాడు. రక్తనాళం మూసుకుపోయిందని, తెరిచామని, సమయానికి తెచ్చారని, ఇప్పటికి ప్రమాదం లేదని చెప్పాడు. రేణుక ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆయన వెళ్ళిపోయాక ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గోడ వైపు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది.

"పొద్దన దోశ తింటా చెప్పినాడు సిస్టర్. ఎదలో బరువుగా ఉండాది అన్న్యాడు. నేను పాపకు జడేస్తాండా. మళ్ళా మొదలుపెట్నావా అన్న్యా. తల కూడా తిప్పలేదు సిస్టర్ నేను. సరేలే అని చెయ్యి కడుక్కొని పోయినాడు."

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. "నువ్వు ఒక్కదానివే కాదు బిడ్డా. అందరం గట్లనే అన్నం."

"మీరు అనలేదు కదా."

"నోటిదాక వచ్చింది నాకు గూడ."

ఆమె నా వైపు తిరిగింది. "ఇంగ మీదట ఏది భయమో, ఏది గుండెనో నాకెట్ల తెలుస్తాది? మీకెట్ల తెలిసింది?"

నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. "నాకు తెల్వలే. ఇప్పటికీ తెల్వదు. చెప్పినప్పుడల్లా చేతిల పని పక్కకు పెట్టి, ఆయన మొఖం దిక్కు సూడాలె. మొదటిసారి చెప్తున్నడు అన్నట్టు వినాలె. గంతే నాకు తెలిసింది."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారి."

"ఆయన రోజూ చెప్తాడు సిస్టర్. రోజుకు నాలుగుసార్లు చెప్తాడు. ఇప్పుడైతే ఇంగా ఎక్కువ చెప్తాడు." అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. "అట్లయితే ఇంగ నేను ఎప్పుడు కండ్లు మూసుకోవాల?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నన్ను నేను కూడా అడుక్కోలేదు.

"ఇప్పుడు మూసుకో" అన్నాను. "జరసేపు నేను సూస్త."

ఆమె నన్ను నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. తర్వాత నా భుజానికి తల ఆనించి, అంత గోలలోనూ, కూర్చున్నచోటే నిద్రపోయింది. నేను ఆ తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.